వాయిదా తప్పినవారి మీది పాత వారంట్లు: న్యాయసేవాధికార సంస్థలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థల గౌరవ కార్యనిర్వాహక అధ్యక్షులకు,

విషయం: కోర్టు వాయిదాకు రానందువల్ల జారీ అయిన పాత వారంట్లు, వాటిని రీకాల్, అంటే రద్దు, చేయించుకునే మార్గం, ఆ మార్గం జనానికి తెలియవలసిన అవసరం.

క్రిమినల్ కోర్టులో వారంటు పుట్టడానికి ఒక్క నిమిషం చాలు. ఉదయం పదిన్నరకు జడ్జి బెంచి మీదికి వస్తారు. బెంచి క్లర్కు ఆనాటి కేసు కట్టలు ఒక్కొక్కటే అందిస్తాడు. తలుపు దగ్గరి అటెండరు ముద్దాయి పేరు బిగ్గరగా పిలుస్తాడు. లోపల ఎవరూ పలక్కపోతే వరండాలోకి వచ్చి మళ్లీ పిలుస్తాడు. ఆఖరి పిలుపుకూ మనిషి రాక, వకీలు తరఫున పిటిషనూ లేకపోతే కట్టలోని డాకెట్ షీటు మీద రెండు ముక్కలు పడతాయి: ముద్దాయి గైర్హాజరు, నాన్‌బెయిలబుల్ వారంటు జారీ. ఆ సమయానికి ఆ ముద్దాయి బస్సులో ఇరుక్కుని ఉండవచ్చు, ఆసుపత్రిలో ఉండవచ్చు, మస్కట్‌లో కూలి పనిలో ఉండవచ్చు, కోర్టు గేటు బయట టీ తాగుతూనూ ఉండవచ్చు. డాకెట్ షీటుకు ఈ తేడాలు తెలియవు.

ఆంధ్ర ప్రాంతంలో వాయిదా అన్నా, తెలంగాణలో పేషీ అన్నా ఆ రోజు తప్పితే జరిగేది ఒకటే. దాన్ని జనం 'వారంటు పడింది' అంటారు. ఆ మాట ఇంట్లోకి వచ్చాక సాధారణంగా జరిగేది భయపడటం, ఊరు మారడం, ఫోను నంబరు మార్చడం. ఏళ్లు గడిచేకొద్దీ భయం పెరుగుతుంది, కోర్టుకు చెప్పుకోవలసిన సంజాయిషీ బరువెక్కుతుంది. నిజానికి ఈ రకం వారంటు శిక్ష కాదు. మనిషిని కోర్టు ముందుకు రప్పించడానికి చట్టం ఇచ్చిన సాధనం. మనిషి తనంతట తానే వచ్చి నిలబడితే దాని పని చాలామటుకు తీరిపోయినట్టే. ఈ ఒక్క సంగతి తెలియక అజ్ఞాతంలో గడిపేవాళ్లకు దాన్ని తెలియజెప్పడం న్యాయసేవాధికార సంస్థల పనే. వారంటు ఎలా పడుతుంది, ఎంతకాలం బతుకుతుంది, ఎలా పోతుంది, సంస్థలు ఏం చేయగలవు అన్నది కింద వరుసగా ఉంది.

చట్టంలో కోర్టు పిలుపుకు మెట్లున్నాయి. మొదటి మెట్టు సమన్లు: ఫలానా రోజు రమ్మని కాగితం. రెండోది బెయిలబుల్ వారంటు. దాని మీదనే జామీను మొత్తం, హాజరుకావలసిన తేదీ రాసి ఉంటాయి. పట్టుకున్న పోలీసు అధికారి ఆ జామీను తీసుకుని అక్కడే వదిలిపెట్టవచ్చు. మూడోది నాన్‌బెయిలబుల్ వారంటు, వాడుకలో ఎన్‌బీడబ్ల్యూ. దీని కింద పట్టుకున్న మనిషిని స్టేషన్‌లో వదలడానికి లేదు, కోర్టు ముందు పెట్టవలసిందే. ఈ మెట్లను వరుసగా ఎక్కాలని, మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయం కనుక నాన్‌బెయిలబుల్ వారంటును యాంత్రికంగా జారీ చేయరాదని సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. అయితే బెయిలు మీద ఉండి వాయిదా తప్పిన ముద్దాయి విషయంలో కోర్టులు కింది మెట్లు దాటి నేరుగా మూడోదానికే వెళ్లడం మామూలు. వస్తానని బాండు రాసిచ్చి రాలేదన్నది అందుకు కారణం.

సమన్లకు బదులుగా వారంటు జారీచేసే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 87వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 90వ సెక్షన్. మనిషి పరారయ్యాడని, లేదా సమన్లకు లోబడడని నమ్మడానికి కారణం ఉంటే, లేకపోతే సమన్లు సకాలంలో అందినట్టు రుజువై, తగిన కారణం లేకుండా అతను రాకపోతే వారంటు అన్న షరతులు ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. 'తగిన కారణం' అన్న ఆ రెండు మాటల మీదే రీకాల్ పిటిషన్ అంతా నిలబడుతుంది.

వారంటు ఎంతకాలం బతుకుతుందన్న విషయంలో అపోహలు ఎక్కువ. మూడేళ్లు దాటితే కేసు కాలం తీరిపోతుందని రచ్చబండ మీద వినిపించే మాటకు ఆధారం లేదు. కొన్ని నేరాలను కోర్టు విచారణకు స్వీకరించడానికి చట్టంలో కాలపరిమితి ఉన్న మాట నిజమే. ఒకసారి స్వీకరించిన కేసులో పడిన వారంటుకు ఆ పరిమితి వర్తించదు. జారీచేసిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా పోలీసులు అమలుచేసేదాకా వారంటు అమల్లోనే ఉంటుంది. పాత కోడ్‌లో 70(2), కొత్త సంహితలో 72(2) సెక్షన్ చెప్పేది ఇదే. దాన్ని స్టేషన్ హౌస్ ఆఫీసరు రద్దు చేయలేరు, ఫిర్యాదుదారు రాజీపడినంత మాత్రాన దానంతటదే పోదు.

ముద్దాయి ఎంతకూ దొరకని కేసును కోర్టు నడుస్తున్న కేసుల్లోంచి తీసి లాంగ్ పెండింగ్ కేసుల రిజిస్టరులోకి మారుస్తుంది. వకీళ్లు దీన్ని ఎల్‌పీసీ అంటారు. వాయిదాలు ఆగిపోవడంతో కేసు కొట్టేశారని ఇంటివాళ్లు అనుకుంటారు. అది కొట్టివేత కాదు, మనిషి దొరికిన రోజున కేసు మళ్లీ లేస్తుంది. నలుగురు ముద్దాయిలున్న కేసులో ఒక్కడు రాకపోతే, అతని వరకు కేసును విడదీసి కొత్త నంబరు ఇచ్చి మిగిలిన ముగ్గురి విచారణ నడిపిస్తారు. ఆ ముగ్గురూ నిర్దోషులుగా బయటపడ్డా నాలుగోవాడి కేసు, అతని మీది వారంటు అలాగే ఉంటాయి. ఆ తీర్పు అతనికి తర్వాత వాదనలో ఉపయోగపడవచ్చు గాని, కోర్టుకు రాకుండానే ఆ ఫలితం దక్కదు.

ఇలా నిద్రపోతున్న వారంటు ఎప్పుడైనా లేవవచ్చు. ఎన్నికల ప్రకటన వెలువడగానే పెండింగ్ నాన్‌బెయిలబుల్ వారంట్లు ఎన్ని అమలయ్యాయో ఎన్నికల సంఘం లెక్క అడుగుతుంది. స్టేషన్లలో వారంటు రిజిస్టర్ల దుమ్ము దులిపేది అప్పుడే. పాస్‌పోర్టు పోలీసు విచారణలో పాత కేసు బయటపడవచ్చు. వేరే తగాదాలో స్టేషన్‌కు వెళ్లిన రోజున పాత పేరు కలవవచ్చు. పెళ్లికో పండక్కో ఊరికి వచ్చిన మనిషిని పట్టుకుపోవడం పల్లెల్లో కొత్త కాదు. పండక్కి ఇంటికి వస్తాడన్న సంగతి పోలీసులకూ తెలుసు.

వాయిదా తప్పేవాళ్లందరూ పారిపోయినవాళ్లు కారు. ఇల్లు మారినా కోర్టు రికార్డులో పాత చిరునామాయే ఉండటం, సమన్లు అక్కడికే వెళ్లి 'ఇంటికి తాళం' అన్న రాతతో తిరిగిరావడం మొదటి కారణం. వకీలు మారడమో, చనిపోవడమో, ఆయన గుమాస్తా తేదీ తప్పు చెప్పడమో ఇంకొకటి. 'వకీలు చూసుకుంటాడు' అన్న ధీమా మరొకటి. జిల్లాల విభజన కూడా ఇందులో ఉంది. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33కు చేరాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. విభజన వెంట కోర్టుల పరిధులు కూడా మారి కేసు కట్టలు కొత్త కోర్టులకు తరలిన చోట, పాత కోర్టు వరండాలో పేరు పిలిచేదాకా ఎదురుచూసి వెనక్కి వెళ్లినవాళ్ల మీద కొత్త కోర్టులో వారంటు పడే వీలుంది. 2020 మార్చి తర్వాత కోవిడ్‌తో వాయిదాలన్నీ తారుమారై, కోర్టులు మళ్లీ తెరుచుకున్నాక కొత్త తేదీ చేరని ముద్దాయిలూ ఉన్నారు. చెక్కు బౌన్సు కేసుల్లో సమన్లు అప్పు కాగితాల మీది చిరునామాకు వెళ్తాయి. అద్దె ఇళ్లు మారే చిన్న వ్యాపారికి తన మీద కేసు ఉందన్న సంగతి వారంటు పడ్డాకే తెలుస్తుంది.

పాత వారంటు సంగతి తేల్చుకోవడంలో మొదటి పని అది ఉందో లేదో, ఏ కోర్టులో ఉందో తెలుసుకోవడం. దీనికి ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు, మొబైల్ యాప్ ఉచితంగా ఉన్నాయి. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అది లేకపోతే పార్టీ పేరు, కేసు నంబరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, వకీలు పేరు వీటిలో ఏదో ఒకదానితో వెతకవచ్చు. పేరుతో వెతికేటప్పుడు ఒక చిక్కుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. ఛార్జిషీటులో కానిస్టేబులు ఏ స్పెల్లింగు రాస్తే రికార్డులో అదే ఉంటుంది. ఇంటిపేరు ముందున్నదో వెనకున్నదో కూడా చూడాలి. ఒక స్పెల్లింగుతో కనపడలేదంటే కేసు లేదని అర్థం కాదు. పోలీసుస్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరంతో వెతకడం ఇంతకన్నా నమ్మకమైన దారి.

కేసు దొరికాక చూడవలసినవి మూడు: ఇప్పుడు అది ఏ కోర్టులో ఉంది, ఏ దశలో ఉంది, తర్వాతి తేదీ ఏమిటి. కేసు చాలా పాతదై కంప్యూటరులో కనిపించకపోతే వకీలు ద్వారా కోర్టు ఆఫీసులో వెతికించి డాకెట్ షీటు నకలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ తేదీన, ఏ కారణంతో వారంటు పడిందన్నది ఆ నకలులో ఉంటుంది. రీకాల్ పిటిషన్‌లో చెప్పే కారణం ఆ తేదీకి సరిపోవాలి. 2019 మార్చిలో వారంటు పడితే 2021లో వచ్చిన జబ్బు అందుకు కారణం కాలేదు.

రెండో పని రీకాల్ పిటిషన్. వారంటు జారీచేసిన కోర్టులోనే, కేసు బదిలీ అయి ఉంటే ఇప్పుడు కేసు నడుస్తున్న కోర్టులో, దాన్ని వేయాలి. 2024 జూలై 1కి ముందే కోర్టులో ఉన్న కేసు అయితే పాత కోడ్ ప్రకారమే నడుస్తుంది. కొత్త సంహిత 531వ సెక్షన్ ఆ సంగతి చెబుతుంది. అందువల్ల పాత కేసుల్లో పిటిషన్ సాధారణంగా 70(2) సెక్షన్ కిందే వేస్తారు. పాత వకీలు లేకపోతే కొత్త వకీలు వకాలతు కూడా జతచేయాలి. పిటిషన్‌తోపాటు ముద్దాయి ప్రమాణపత్రం, కారణాన్ని బలపరిచే కాగితాలు ఉండాలి: ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఇంట్లోవాళ్ల మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టులో వీసా ముద్రలు, కంపెనీ ఇచ్చిన ఉద్యోగ పత్రం, చిరునామా మారినట్టు చూపే ఆధార్ లేదా అద్దె ఒప్పందం. కాగితం లేనప్పుడు ఉన్న నిజాన్ని ప్రమాణపత్రంలో సూటిగా చెప్పడం మేలు. డబ్బులిచ్చి తెచ్చుకున్న మెడికల్ సర్టిఫికెట్‌ను కోర్టు పట్టుకుంటే వాయిదా తప్పిన చిన్న తప్పు పోయి అబద్ధం చెప్పిన పెద్ద తప్పు మెడకు చుట్టుకుంటుంది.

రీకాల్ జరిగే రోజు తంతు ఇలా ఉంటుంది. కేసుకు ఆ రోజు వాయిదా లేకపోతే, పెండింగ్‌లో ఉన్న కట్టను ముందుకు తీయమని అడ్వాన్స్ పిటిషన్ కూడా వేస్తారు. ముద్దాయి పదిన్నరకు ముందే కోర్టు హాలులో వకీలు వెనక ఉంటాడు. కట్ట బెంచి మీదికి చేరాక వకీలు లేచి ముద్దాయి హాజరైనట్టు చెబుతాడు. ముద్దాయి బోనులోకి వచ్చి నిలబడతాడు. జడ్జి పిటిషన్ చూసి తలెత్తి అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్న: 'ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?' వకీలు జవాబు చెప్పబోయినా ముద్దాయినే చెప్పమనే జడ్జీలున్నారు. రెండు వాక్యాల్లో నిజం చెప్పినవాడికి, ఇక మీదట ప్రతి వాయిదాకూ వస్తానన్నవాడికి, చిన్న కేసుల్లో సాధారణంగా ఆ రోజే ఉత్తర్వు వస్తుంది. ప్రాసిక్యూషన్ తరఫు అధికారి అభ్యంతరం చెప్పవచ్చు. చివరి మాట జడ్జిదే.

ఉత్తర్వు నాలుగు రకాలుగా ఉండవచ్చు. ఏ షరతూ లేకుండా వారంటు రద్దు కావడం ఒకటి. కొంత సొమ్ము ఖర్చుల కింద కట్టమని రద్దు చేయడం రెండోది. పాత బాండు పోయినట్టు ప్రకటించి కొత్త బాండు, కొత్త జామీనుదారులు కావాలనడం మూడోది. పాత పూచీ మీద నమ్మకం పోయిందని ముద్దాయిని జైలుకు రిమాండు చేసి, బెయిలు పిటిషన్ విడిగా వేసుకోమనడం నాలుగోది. ఏళ్ల తరబడి రానివాళ్లకు, తీవ్రమైన నేరాల్లో సెషన్స్ కోర్టు ముందున్నవాళ్లకు ఈ నాలుగోది జరిగే అవకాశం ఎక్కువ. అందుకే రీకాల్‌కు వెళ్లేరోజు ఇద్దరు జామీనుదారులు సిద్ధంగా ఉండటం మంచిదని వకీళ్లు చెబుతారు. ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు లేదా జీతం సర్టిఫికెట్ వంటివి వాళ్ల చేతిలో ఉండాలి. తెలంగాణ పల్లెల్లో జమానత్ అనే ఈ పూచీకి మనుషులు దొరక్కనే సాయంత్రానికి జైలుకు వెళ్లేవాళ్లున్నారు. బెయిలు పిటిషన్ ముందే టైపు చేయించి ఉంచుకోవడం కూడా అదే జాగ్రత్తలో భాగం.

మొదటిసారి జామీను ఉన్నవాళ్ల గతి కూడా చూడాలి. ముద్దాయి రాకపోతే బాండు జప్తవుతుంది. ఆ సొమ్ము ఎందుకు కట్టకూడదో చెప్పమని జామీనుదారులకు నోటీసులు వెళ్తాయి. ఒకప్పటి స్నేహం మీద సంతకం పెట్టిన పక్కింటాయన కోర్టు చుట్టూ తిరుగుతాడు. ముద్దాయి తిరిగి వచ్చాక ఆ సొమ్ములో కొంత తగ్గించమని కోర్టును అడిగే వీలు చట్టంలో ఉంది. కారణం రాసి అందులో ఎంత వదిలేయాలన్నది కోర్టు ఇష్టం. వారంటు పడిన ఇంట్లో ఈ నోటీసు తెచ్చే తగాదా వారంటు తెచ్చే భయానికి తీసిపోదు.

ప్రతి రీకాల్‌కూ మనిషి ముందుగా బోనెక్కాలన్న నియమం అన్ని కేసులకూ లేదు. సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు 2022 జూలై 11న ఇచ్చిన తీర్పులో ఒక వెసులుబాటు ఉంది. ఏడేళ్లు లేదా అంతకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో, దర్యాప్తులో అరెస్టు కాకుండా సహకరించిన ముద్దాయి విషయంలో, వారంటు అమలుకాకముందే అతని తరఫున పిటిషన్ వస్తే, తర్వాతి తేదీన స్వయంగా వస్తానని హామీ ఇస్తే, అతను రాకుండానే వారంటును రద్దు చేయవచ్చు లేదా బెయిలబుల్ వారంటుగానో సమన్లుగానో మార్చవచ్చు. ఇది కోర్టుకు ఇచ్చిన విచక్షణ. దూర రాష్ట్రంలోనో దేశంలోనో ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు చాలా విలువైనది. కింది కోర్టు పిటిషన్ కొట్టేస్తే పై కోర్టుకు వెళ్లే దారి ఉంటుంది. హైకోర్టు చాలా సందర్భాల్లో ముద్దాయిని కింది కోర్టులో లొంగిపొమ్మని, అతని పిటిషన్‌ను అదే రోజు పరిశీలించమని చెబుతుంది.

రీకాల్‌కు వెళ్లకముందే పోలీసులు పట్టుకుంటే మనిషికి కొన్ని హక్కులున్నాయి. వారంటు సారాంశం చెప్పాలి, అడిగితే కాగితం చూపాలి. ఇంట్లోవాళ్లకు కబురు అందించాలి. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోగా కోర్టు ముందు హాజరుపరచాలి. వారంటు ఇచ్చిన కోర్టు ఉన్న జిల్లా బయట పట్టుబడితే, ఆ కోర్టు 30 కిలోమీటర్లలోపు ఉంటే తప్ప, ముందుగా దగ్గరలోని మేజిస్ట్రేటు ముందుకో, పట్టుబడిన చోటి జిల్లా ఎస్పీ వంటి అధికారి ముందుకో తీసుకెళ్లాలి. అత్యవసర పరిస్థితుల్లో తప్ప మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపల అరెస్టు చేయరాదు. అలా చేయవలసి వస్తే మహిళా అధికారి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. శనివారం సాయంత్రం పట్టుబడినవాడికి సోమవారందాకా కోర్టు హాలు తెరుచుకోదు. ఈలోపు సెలవు రోజున డ్యూటీ మేజిస్ట్రేటు ఇంటి ముందు నిలబడవలసి వస్తుంది. తనంతట తాను వెళ్లడంలోని సుఖం ఇక్కడే తెలుస్తుంది. రోజును ఎంచుకునే వీలు అతనికి ఉంటుంది, పట్టుబడినవాడికి ఉండదు.

వారంటు రద్దయ్యాక పని అయిపోలేదు. ఉత్తర్వు కోర్టు కట్టలో ఉంటుంది, వారంటు స్టేషన్ రిజిస్టరులో ఉంటుంది. రెండింటి మధ్య కబురు చేరేలోపు అరెస్టు జరగవచ్చు. ముంబైలో ఒక వకీలుకు ఇదే జరిగింది. మూడు రోజుల ముందే రద్దయిన వారంటు మీద 2002 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ఆయనను అరెస్టు చేశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు 2011లో వారంట్ల జారీకి, అమలుకు, రద్దుకు మార్గదర్శకాలు ఇచ్చింది. నంబరు వేసిన వారంట్లు, వాటికి ప్రత్యేక రిజిస్టరు, అమలు జరిగిందో లేదో చెప్పవలసిన తేదీ, రద్దయిన వారంటును వెనక్కి రప్పించడం వాటిలో ఉన్నాయి. వకీలునే వదలని పొరపాటు కూలిమనిషిని వదలదు. రీకాల్ ఉత్తర్వు నకలు తీసుకుని ఒకటి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవడం, ఇంకొకటి కేసు ముగిసేదాకా జేబులో ఉంచుకోవడం రక్ష.

వారంటు సంగతి తేల్చకుండా కాలం గడిపితే ముదిరే దశలు ఇవి. మనిషి తప్పించుకు తిరుగుతున్నాడని కోర్టు నమ్మితే, కనీసం 30 రోజుల గడువుతో ఫలానా చోటికి ఫలానా రోజున రమ్మని ప్రకటన ఇస్తుంది. దాన్ని ఊళ్లో అందరికీ వినపడేలా చదవాలి, ఇంటికి, కోర్టు గోడకు అతికించాలి. ఆపైన ఆస్తి జప్తు. ప్రకటనకు స్పందించకపోవడం భారతీయ న్యాయ సంహిత 209వ సెక్షన్ కింద ప్రత్యేక నేరం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. తీవ్రమైన నేరాల్లో ప్రకటిత నేరస్థుడని తేల్చినవారికి అది ఏడేళ్ల దాకా పెరుగుతుంది. బెయిలు మీద ఉండి తగిన కారణం లేకుండా హాజరుకాకపోవడం 269వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష పడే నేరం. అసలు కేసులో నిర్దోషిగా బయటపడగల మనిషి పరారీ వల్ల కొత్త కేసు తలకెత్తుకోవడం ఇలాగే జరుగుతుంది. పేకాట, చిన్న కొట్లాట వంటి కేసుల్లో జరిమానాతో పోయే విషయం ఈ దారిలో జైలు గడప దాకా వస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ కార్మికులకు, అమెరికాలో ఉన్న ఐటీ ఉద్యోగులకు ఇంకో సంగతి ముఖ్యం. కోర్టు వారంటు ఉన్నవారి పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం 1967 పాస్‌పోర్టుల చట్టంలో ఉంది. రెన్యూవల్ ఆగవచ్చు, లుకౌట్ సర్క్యులర్ ఉంటే విమానాశ్రయంలోనే ఆపవచ్చు. భార్యాభర్తల తగాదాల కేసుల్లో విదేశాల్లో ఉన్న కుటుంబసభ్యులకు ఈ అనుభవం ఎక్కువ. ఇలాంటివాళ్లు సెలవుకు టికెట్టు కొనే ముందే ఊళ్లోని వకీలు చేత కేసు దశ చూపించి, హాజరు మినహాయింపుతో రీకాల్ కోరడం క్షేమం. వారంటు ముద్దాయికే పడుతుందనుకోవడమూ పొరపాటే. సాక్ష్యం చెప్పడానికి రాని సాక్షికీ పడుతుంది. పిటిషన్ పద్ధతి అదే, జామీను చిక్కు తక్కువ.

పాత వారంటు అనే మాటను మోసగాళ్లు కూడా వాడుకుంటున్నారు. యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కనిపించి, మీ మీద వారంటు ఉంది, 'డిజిటల్ అరెస్ట్' చేస్తున్నాం, డబ్బు పంపితే వదిలేస్తాం అంటారు. అలాంటి అరెస్టు భారతీయ చట్టంలో లేదు. సమన్లు ఎలక్ట్రానిక్ పద్ధతిలో రావచ్చు గాని, ఎవరి ఖాతాలోనో డబ్బు వేస్తే పోయే వారంటు ఎక్కడా ఉండదు. ఫోను పెట్టేసి ఈ-కోర్ట్స్‌లో పేరు వెతకడం, డబ్బు పోయి ఉంటే 1930కు ఫోను చేయడం చేయవలసినవి. స్టేషన్‌లో మాట్లాడి వారంటు తీసేయిస్తామనే మధ్యవర్తులదీ ఇలాంటి కథే. స్టేషన్ చేతిలో లేని పనికి అక్కడ ధర ఉండదు.

వారంటు పడకుండా చూసుకోవడానికి ఖర్చు దాదాపు లేదు. రాలేని రోజున పొద్దున్నే వకీలుకు కబురు చేస్తే, ఆ పూటే హాజరు మినహాయింపు పిటిషన్ వేస్తాడు. పాత కోడ్‌లో 317, కొత్తదానిలో 355 సెక్షన్ దానికి ఆధారం. చిన్న కేసుల్లో వకీలే హాజరయ్యేలా శాశ్వత మినహాయింపు కోరడానికి పాత 205, కొత్త 228 సెక్షన్ ఉన్నాయి. చిరునామా మారితే మెమో వేయాలి. వాయిదా తేదీ వకీలు నోటితోపాటు ఈ-కోర్ట్స్ తెరమీద కూడా చూసుకోవాలి. రాజీ అయ్యే కేసు అయితే లోక్ అదాలత్‌కు పెట్టించుకోవడం అన్నిటికన్నా మంచి ముగింపు. చెక్కు కేసుల్లో చట్టమే రాజీకి అనుమతి ఇచ్చింది.

ఇంత సులువైన దారి ఉన్నా పాత వారంట్లు పేరుకుపోవడానికి కారణం చట్టంలోని లోటు కాదు. ఆ దారి కోర్టు గేటు లోపల ఉంది, భయం గేటు బయట ఉంది. ఈ రెంటినీ కలిపే పని న్యాయసేవాధికార సంస్థల చేతిలో ఉంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా, పేదలకు ఆదాయ పరిమితికి లోబడి ఉచిత న్యాయసహాయం అందాలి. 15100 హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా కేంద్రాల్లో న్యాయసహాయ రక్షణ న్యాయవాదుల వ్యవస్థ ఉంది. వీటి ద్వారా రెండు రాష్ట్రాల ప్రజలకు అందవలసినవి ఇవి.

ప్రతి కోర్టు సముదాయం గేటు దగ్గర తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో ఒక బోర్డు ఉండాలి: వాయిదా తప్పితే ఏం చేయాలి, రీకాల్ ఎక్కడ, ఉచిత వకీలు ఏ గదిలో. ఉదయం పదికి, పిలుపులు మొదలయ్యేలోపు, ఆ గదిలో ఒక న్యాయవాది ఉండాలి. తానుగా వచ్చినవారి రీకాల్ పిటిషన్‌ను అక్కడే రాసివ్వాలి. పల్లెల్లోని పారా లీగల్ వలంటీర్లకు ఈ-కోర్ట్స్‌లో వెతకడం నేర్పి, వలసలు ఎక్కువగా ఉండే పాలమూరు, ఉత్తరాంధ్ర వంటి ప్రాంతాల్లో ఉగాది, సంక్రాంతి, దసరాలకు ఇళ్లకు వచ్చినవారికి కేసు దశ చూసిచ్చే శిబిరాలు పెట్టాలి. లోక్ అదాలత్ రోజున, రాజీ అయ్యే కేసుల్లో వారంటు ఉన్నవారు జంకు లేకుండా వచ్చేలా హైకోర్టుల మార్గదర్శకత్వంతో ఏర్పాటు చేయాలి. రద్దయిన వారంటు ఉత్తర్వు నకలు ముద్దాయి చేతికి ఉచితంగా, స్టేషన్‌కు అదే రోజు చేరేలా కోర్టు అధికారులతో కలిసి పద్ధతి పెట్టాలి. సమన్ల కాగితం వెనకవైపు నాలుగు వాక్యాలు అచ్చువేయించినా చాలు: ఆ రోజు రాలేకపోతే ఏం చేయాలి, తేదీ ఎక్కడ చూసుకోవాలి, ఒకవేళ తప్పితే ఎక్కడికి రావాలి, అక్కడ ఎవరు సాయం చేస్తారు.

ఇట్లు,
ఒక పౌరుడు